ఎడమచేతి వాటపు ఆకుకత్తి

చిక్కబళ్ళాపురంలోని ఒక చిన్న మ్యూజియంలో నేను ఇరవై ఆరేళ్లు వస్తువుల రిజిస్టర్ రాశాను. నా ఉద్యోగానికి కాగితాల మీద ఇంకేదో పెద్ద పేరుండేది గాని, చివరి ఏడేళ్లూ ఊళ్లోవాళ్లకు నేను 'కత్తులు రాసే మేడమ్'ని. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేసి సందేహాలు అడుగుతుంటుంది. మొన్న అడిగింది, రాసి, తప్పని తెలిసి, కొట్టేసిన పేజీ ఏదైనా ఉందా మేడమ్ అని.

ఉంది. డెబ్బై మూడో నంబరు కత్తి. ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు తికమకపడ్డాను. అందుకే రాస్తున్నాను. రాసినా ఆ అమ్మాయికి స్పష్టంగా అర్థమవుతుందన్న నమ్మకం లేదు. నాకే కాలేదు.

కత్తులన్నీ ఒకే మనిషి సేకరించినవి. ఆయన చింతామణిలో స్థిరపడిన రిటైర్డ్ పశువుల డాక్టరు. ఉద్యోగమంతా బాగేపల్లి, చింతామణి తాలూకాల్లోనే తిరిగాడు. ఆవుకో మేకకో మందు వేయడానికి వెళ్లిన ఇంట్లో మూలన పాత కత్తి కనిపిస్తే, అడిగి తెచ్చుకోకుండా కదిలేవాడు కాదట. కొడవళ్లు, మచ్చుకత్తులు, అడకత్తెరలు, గొర్రెల బొచ్చు తీసే కత్తెరలు, అన్నీ కలిపి నూట ముప్పై దాకా పోగయ్యాయి. వాటిని మ్యూజియానికి ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టాడు. కత్తి చేసిన కమ్మరి దగ్గర్నుంచి తన దగ్గరికి వచ్చేదాకా అది ఎవరెవరిదో వరసగా రాసి ఉంచాలి.

"రేపు కత్తిని చూసేదానికి శానామంది వస్తారమ్మా," అన్నాడు నాతో. "అది ఎవురిదో చెప్పేవాళ్లు మాత్రం ఇప్పుడే పోతాండారు. రాసిపెట్టకపోతే అది ఉత్త ఇనుమే."

ఆయన పాత డైరీలు కూడా ఇచ్చాడు. సగం కన్నడం, సగం తెలుగు, మధ్యలో పశువుల మందుల పేర్లు. వాటిలో ఊరి పేరు పట్టుకుని ఆ ఊరికి వెళ్లి, ఇంటివాళ్లను అడిగి రాయడం నా పని. ఫోటోలు తీయడానికీ, జీపు నడపడానికీ మా ఫోటోగ్రాఫర్ తోడు వచ్చేవాడు. అతనిది శిడ్లఘట్ట. ఇంట్లో అందరూ పట్టుగూళ్ల పనివాళ్లే. మాట్లాడటం మొదలుపెడితే ఆపడు.

డెబ్బై మూడోది ఆకుకత్తి. చిన్న పట్టుపురుగులకు లేత మల్బరీ ఆకును సన్నగా తరిగి వేస్తారు. అందుకు వాడే వెడల్పాటి కత్తి. చింత కొయ్య పిడి. డైరీలో ఆ కత్తి వివరం ఉన్న పేజీ మీద మిట్టేమరి అన్న ఊరి పేరూ, ఒక ఇంటి గుర్తూ ఉన్నాయి. వెళ్లాం.

ఆ ఇంటాయనకు యాభై అయిదేళ్లుంటాయి. కత్తిని చూడగానే చేతిలోకి తీసుకున్నాడు. పిడి దగ్గర ఇనుము మీద చిన్న పువ్వులాంటి గుర్తు చూపించాడు.

"ఇది మా ఊరి కమ్మరి గుర్తు. బండి చక్రం పట్టాతో చేసినాడు. మా తాత చేయించుకున్నాడు. తాత పోయినాంక మా నాయనది. ఆయన కాలంలోనే కూలోళ్లు ఎవురో ఎత్తుకుపోయినారు. రాసుకోండి మేడమ్."

అట్లా పోయిన కత్తి డాక్టరు చేతికి ఎట్లా వచ్చిందో ఆయనకు తెలియదు. నేనూ గట్టిగా అడగలేదు. మిగతా కత్తులకు ఒక తరం వివరం దొరకడమే కష్టంగా ఉండేది. ఇక్కడ కమ్మరి, తాత, తండ్రి, అందరూ వరసగా దొరికారు. సంతోషంగా సిరాతో రాసేశాను. మ్యూజియంలో అద్దం వెనక పెట్టి, 'మిట్టేమరిలో ఒకే ఇంటి కత్తి, రెండు తరాలు' అని కార్డు కూడా రాయించాను. నా రిజిస్టర్‌లో అంత శుభ్రమైన పేజీ ఇంకొకటి లేదనుకున్నాను.

కొన్ని వారాల తర్వాత కొత్త ఫోటోల కోసం ఆ కత్తిని బయటికి తీశాం. ఫోటోగ్రాఫర్ దాన్ని పట్టుకుని రెండుమూడుసార్లు తిప్పాడు.

"మేడమ్, ఇది నా చేతికి పడలేదు."

"చేతికి పడకపోవడమేమిటి?"

"మా ఇంట్లో పుట్టినప్పట్నుంచి ఈ కత్తులే చూస్తాండా. వీటికి పదును ఒకపక్కే పెడతారు. కుడిచేతోళ్లకు ఇటుపక్క ఉండాల. దీనికి అటుపక్క ఉండాది. పిడి మీద బొటనవేలు అరగదీసిన గుంట చూడండి. అది గూడా అటుపక్కే. ఇది ఎడంచేతోళ్ల కత్తి."

నేను ఎడమచేత్తో పట్టుకుని చూశాను. వేలు తిన్నగా గుంటలోకి వెళ్లింది.

మిట్టేమరి ఆయనకు ఫోన్ చేసి, మీ తాతగారిదో నాన్నగారిదో ఎడమచేతి వాటమా అని అడిగాను.

"మా ఇంట్లో ఎడంచేతోళ్లు ఎవురూ లేరు," అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు.

మొదట నన్ను నేనే అనుమానించుకున్నాను. అంతకుముందు తుప్పు తుడిచే రోజున ఆరు కత్తుల నంబరు చీటీలు ఒకేసారి విప్పి, గుర్తున్నట్టుగా తిరిగి కట్టాను. అట్లా చేయకూడదని కొత్తవాళ్లకు నేనే చెప్పేదాన్ని. చీటీలు తారుమారయ్యాయేమోనని రెండు రోజులు రిజిస్టర్ తిరగేస్తూనే ఉన్నాను. చివరికి ఫోటోగ్రాఫర్ తుడవకముందు తీసిన పాత ఫోటోలు వెతికాడు. చీటీ సరిగానే ఉంది. పువ్వు గుర్తు కూడా అదే. అయితే తప్పు ఎక్కడ?

డైరీ తీసుకుని చింతామణికి, డాక్టరు గారింటికి వెళ్లాను. ఆయనకు అప్పటికే మతిమరుపు మొదలైంది. కత్తి ఫోటో చూసి మిట్టేమరి అన్నాడు. కాఫీ తాగాక, లేదు, పాతపాళ్య అన్నాడు. "ఒకామె ఇచ్చింది. ఆవుకు పాలు రాకపోతే పోయినా. ఆవు సంగతి బాగా గుర్తుండాది."

ఎవరామె అంటే గుర్తులేదు. ఆయనే డైరీ తీసుకుని పేజీ మీద గోరుతో గీరాడు. రెండు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆవిరి పట్టి నెమ్మదిగా విడదీస్తే లోపల మొదటి సగం ఉంది. పాతపాళ్య, ఫలానా ఇంటి అక్క ఇచ్చింది, అంతకుముందు... అని ఉంది. ఆ తర్వాత పేజీలో ఉన్నది మిట్టేమరి. నేను వాక్యం చివరి సగం చదివి, అదే మొత్తమనుకుని, సిరాతో రాసేశాను.

బాగేపల్లి దగ్గర పాతపాళ్యలో ఆ అక్కను కనుక్కోవడం కష్టం కాలేదు. ఎనభై దాటిన మనిషి. తమ్ముడి కుటుంబంతో ఉంటోంది. మేం వెళ్లేసరికి చేట ముందు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఎడమచేత్తో. ఫోటోగ్రాఫర్ నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

కత్తి ఆమె ముందు పెట్టాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని తీసుకుంది. బొటనవేలు వెతుక్కోకుండానే గుంటలో కుదురుకుంది. అంచు మీద గోరు ఆనించి చూసింది.

"పదును పోయిందే," అంది.

"ఇది మీదేనా అమ్మా?"

"నాది కాదు. మిట్టేమరోళ్లది."

కాయలు ఒలుస్తూనే చెప్పింది. పదహారేళ్లప్పుడు ఆ ఇంటికి కోడలిగా వెళ్లింది. తొమ్మిదేళ్లు ఆ ఇంట్లో పురుగులకు ఆకు తరిగింది. కత్తికి తన వాటానికి తగ్గట్టు తానే పదును మార్చుకుంది. పిల్లలు పుట్టలేదు. మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. కొత్తామె వచ్చిన నెలకు ఈమె బట్టలు మూట కట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. మూటలో ఈ కత్తి ఉంది. తమ్ముడి ఇంట్లో పట్టుపురుగులు లేవు, ఆకు తరిగే పనీ లేదు. అయినా ఏటా పదును పెట్టి దాచేది. ఆవు కోసం వచ్చిన డాక్టరు అడిగితే ఇచ్చేసింది.

"వాళ్లు ఇచ్చారా, మీరే తీసుకున్నారా?" అని అడిగాను. రిజిస్టర్‌లో ఆ వివరానికి ఒక గడి ఉంటుంది.

ఆమె చేతిలోని కాయను చేటలో పడేసింది. "తొమ్మిదేండ్లు చేతిలో ఉండింది తల్లీ. చేతిలో ఉన్నదాన్ని తీసుకున్నా అంటారా?"

ఆ గడిలో ఏమీ రాయకుండా తిరిగొచ్చాను.

చిక్కు అక్కడే మొదలైంది. మ్యూజియం నడిపే ట్రస్టు నియమం ప్రకారం, యజమాని కానివాళ్లు ఇచ్చిన వస్తువును మ్యూజియంలో ఉంచకూడదు. అసలువాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. ఆమె తనది కాదంటోంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే కాగితం మీద ఆమె దొంగ అవుతుంది, కత్తి మిట్టేమరికి పోతుంది. రాయకుండా పాత పేజీనే ఉంచితే ఆమె ఆ ఇంట్లో బతికిన తొమ్మిదేళ్లు లేకుండా పోతాయి. ఏది తప్పో ఏది ఒప్పో తేలలేదు. డాక్టరు గారికి చెబితే ఆయన నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు.

"అట్లయితే నేను తీసుకున్నది ఎవురి సొమ్మమ్మా? ఎవురిదైతే వాళ్లకు ఇచ్చేయండి."

"ఎవరిదో తేలడం లేదు సార్. ఆమె వాళ్లదంటోంది. వాళ్లు ఆమె ఉందనే చెప్పలేదు."

ఆయన కత్తి ఫోటోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "నేను ఆవును గురించే అడిగినా. ఆమెను గురించి ఏమీ అడగలేదు," అన్నాడు.

అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే తేలిపోతుందనుకున్నాను. మిట్టేమరి ఆయనను, పేజీలో ఒక మార్పు ఉంది, వచ్చి చూడమన్నాను. పాతపాళ్య ఆవిడను తీసుకురమ్మని జీపు పంపాను. రెండోవాళ్లు వస్తున్నారని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరూ రారని భయం. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎప్పుడూ అట్లా చేయకండి. కాగితాల్లో రెండు వివరాలను పక్కపక్కన పెట్టవచ్చు గాని, మనుషులను అట్లా పెట్టకూడదు.

పెద్దావిడ ముందే వచ్చి కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుంది. పదకొండు గంటలకు మిట్టేమరి ఆయన బస్సు దిగి వచ్చాడు. వెంట డెబ్బై దాటిన ఒకామె ఉంది.

"మా అమ్మ, మేడమ్. కత్తిని చూస్తానంటే పిల్చుకొచ్చినా."

ఆ అమ్మ అంటే ఎవరో నాకు అప్పటికి తట్టలేదు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అక్కా," అంది.

బెంచీ మీది ఆవిడ కళ్లు చిట్లించి చూసింది. "ఎవురు?"

"నేనే. మిట్టేమరి."

"చిన్నపిల్లవి గదా నువ్వు," అంది పెద్దావిడ.

మిట్టేమరి ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎవురమ్మా ఈమె?"

"మీ నాయన మొదట చేసుకున్నామె."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాతో నెమ్మదిగా అన్నాడు. "ఒకామె ఉండిందని తెలుసు మేడమ్. మా ఇంట్లో ఆ మాటెత్తితే మా నాయన బువ్వ ముందర్నుంచి లేచిపోయేవాడు. బతికి ఉండాదని ఎవురూ చెప్పలే."

ఇక ఆపడం నా చేతిలో లేదు. కత్తి తెచ్చి బల్ల మీద పెట్టాను. దాని గురించి ఇప్పుడు తెలిసిందంతా చెప్పాను, కూలీలు ఎత్తుకుపోలేదనీ, ఈవిడ మూటలో వెళ్లిందనీ. ఆయన ముఖం ఎర్రబడింది. ఆయన ఏదో అనేలోపే తల్లి ముందుకొచ్చింది.

"అక్క తీసుకోలే. నేనే మూటలో పెట్టినా."

"నువ్వా?" అన్నాడు కొడుకు.

"అవును. ఆ కత్తి నా చేతికి పడేది కాదు. వాటం వేరే. వచ్చిన వారానికే వేలు కోసుకున్నా." ఎడమచేతి చూపుడువేలు చాచి చూపించింది. గోరు పక్కన తెల్లటి గీత ఉంది. "ఎట్లాగూ అక్క పోయినాంక మా ఇంట్లో దాన్ని వాడేవాళ్లు లేరు. అక్క చేతికైతే పనికొస్తాదని పెట్టినా. ఆయన అడిగితే కూలోళ్ల మీదికి నెట్టినా."

నేను గబగబా రాసుకుంటున్నాను. ఇచ్చినది ఇంటి కోడలు, కాబట్టి దొంగతనం కాదు. గడి నిండింది. పెద్దావిడ గొంతు వినిపించి తలెత్తాను.

"అబద్ధం. ఈమె ఆ పొద్దు ఇంట్లోనే లేదు. నీళ్లకు పోయింది. చూరులోంచి నేనే తీసుకున్నా."

"నీళ్లకు పోయొచ్చినాంక పెట్టినా."

"నువ్వు వచ్చేటప్పటికే నేను గుట్ట దాటినా."

"దాటలేదక్కా. వాకిట్లో కూర్చోనుంటివి. బిందె దించి లోపలికి పోయి పెట్టినా. నువ్వు చూడలే."

"నా మూట నేను కట్టుకున్నా. నాకు తెలీదా?"

ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచలేదు. ఒకామె ఇచ్చానంటుంది, ఇంకొకామె తీసుకున్నానంటుంది. సాధారణంగా దొంగతనం నాది కాదని వాదిస్తారు. ఇక్కడ పెద్దావిడ నాదేనని పట్టుబడుతోంది. చిన్నామె మీదికి మాట రాకూడదనుకుందో, కత్తి ఆమె దయతో వచ్చిన వస్తువుగా ఉండకూడదనుకుందో నాకు అర్థం కాలేదు. చిన్నామె నిజంగా పెట్టిందో, ఇన్నేళ్లకు అక్క ముందు నిలబడ్డాక పెట్టి ఉండాల్సిందనిపించి చెప్పిందో, అదీ తెలియలేదు. రాసింది కొట్టేశాను. మళ్లీ రాశాను. చివరికి కలం పక్కన పెట్టేశాను.

మా నియమం గుర్తొచ్చి, మిట్టేమరి ఆయనతో అన్నాను. "అప్పా, మీ తాతగారు చేయించిన వస్తువు. మీరు కావాలంటే తిరిగి ఇచ్చేస్తాం."

ఆయన కత్తి వైపు చూడలేదు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరి వైపు చూశాడు. ఎప్పుడు కూర్చుందో, తల్లి పెద్దావిడ పక్కనే కూర్చుని ఉంది.

"నాకొద్దు మేడమ్. ఈడే పెట్టుకోండి. ఎట్ల రాసినా సరే, నేను సహి చేస్తా."

ఖాళీ కాగితం మీద సంతకం తీసుకోలేదు. ఇద్దరి మాటలూ వాళ్లు చెప్పినట్టే పక్కపక్కన రాసి, చదివి వినిపించి, అప్పుడు ముగ్గురి చేతా సంతకాలు పెట్టించాను. ఆడవాళ్లిద్దరూ వేలిముద్రలు వేశారు. పెద్దావిడ ఎడమచెయ్యి చాచింది. ఏ వేలైనా ఫర్వాలేదన్నాను.

వెళ్లేటప్పుడు జీపు దగ్గర చిన్నామె అంది. "అక్కా, మా ఇంటికి రా. బువ్వ తిని పోదువు."

"ఆ వాకిట్లోకి రాను," అంది పెద్దావిడ. కోపంగా కాదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

"అయితే నేను మీ ఊరికి వస్తా."

చిన్నామె చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని జీపు ఎక్కేసింది. కొడుకు దగ్గరికొచ్చి, "అమ్మా, నీ మాత్రలు ఇంట్లో ఉండాయి," అన్నాడు.

"బాగేపల్లిలో దొరకవా?" అంది ఆమె.

జీపు వెళ్లిపోయింది. ఆయన ఒక్కడే బస్టాండు వైపు నడిచాడు.

ఆ మధ్యాహ్నం పాత పేజీని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, కొట్టేసినది కూడా కనబడేట్టు ఉంచి, తేదీ వేసి సంతకం చేశాను. కొత్త పేజీలో కమ్మరి, మిట్టేమరి ఇల్లు, తొమ్మిదేళ్లు ఆకు తరిగిన ఆవిడ, అన్నీ రాశాను. చేతులు మారిన తీరుకు రెండు కథనాలూ ఉంచాను. 'యజమాని' అన్న మాట కొట్టేసి 'ఎవరి చేతిలో ఉండేది' అని మార్చాను. ఒక్క కత్తి కోసం గడి పేరు మార్చడం కుదరదని ట్రస్టువాళ్లు తర్వాత సరిదిద్దారు. అదీ న్యాయమే. నేను చేసిందీ న్యాయమే అనిపిస్తుంది. రెండూ ఎట్లా న్యాయమవుతాయో మాత్రం అడక్కండి.

డాక్టరు గారికి చింతామణి వెళ్లి అంతా చెప్పాను. ఆయన విని, "ఆ ఆవు మళ్లా పాలిచ్చిందా అని అడిగినారా?" అన్నాడు. అడగలేదు.

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఏమిటని ఆ అమ్మాయి అడుగుతుంది. వస్తువును ఎవరు చేయించారో ఇంటివాళ్లు చెబుతారు. ఎవరు వాడారో చాలాసార్లు వస్తువే చెబుతుంది. రెండూ కలవకపోతే కంగారుపడి ఒకదాన్ని చెరిపేయకండి. డైరీ కాగితాలు అతుక్కుని ఉన్నాయేమో చూసుకోండి. అంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ రోజు తర్వాత రెండు వారాలకు మిట్టేమరి ఆయన ఫోన్ చేశాడు. పేజీలో ఏదో మార్చమంటాడేమోనని భయపడ్డాను.

"మా అమ్మ ఇంకా పాతపాళ్యలోనే ఉండాది మేడమ్," అన్నాడు. "ఇద్దరూ శనక్కాయలు ఒలుచుకుంటా కూర్చోనుండారంట. ఫోన్ చేస్తే రేపొస్తా అంటాది. రేపు మళ్లా అదే మాట."

"మీరే వెళ్లి తీసుకురావచ్చు కదప్పా?"

"పోతా. పోయి ఆమెను గూడా పిలవాల. ఏమని పిలవాలో తెలీలే. అందుకే మీకు చేసినా. మీరు దాఖలె పుస్తకంలో ఆమె మాకు ఏమవుతాదని రాసినారు?"

నేను ఏ వరసా రాయలేదు. రాయాలన్న సంగతే నాకు తోచలేదు.

"పెద్దమ్మ అవుతుంది. పెద్దమ్మా అని పిలవండి," అన్నాను.

ఆయన ఆ మాటను ఒకసారి లోపల్లోపల అనుకున్నట్టు వినిపించింది.

"అట్ల పిలిస్తే వస్తారా ఇద్దరూ?"

"తెలియదప్పా," అన్నాను.